ఆకుపచ్చ వైకుంఠపాళి

"మీ నగరం స్వచ్ఛ సర్వేక్షణ్‌లో పాల్గొంటోందని మీకు తెలుసా?"

కొన్నేళ్ళ క్రితం సర్వేక్షణ్ వాళ్ళు పౌరుల అభిప్రాయం పేరుతో అడిగిన ప్రశ్నల్లో మొదటిది ఇదే. మీ వీధిలో చెత్త తీస్తున్నారా లాంటివి దీని వెనక వచ్చేవి. తెలుసు అని చెప్తే మీ ఊరికి మార్కులు. అంటే, పరీక్ష జరుగుతోందని తెలుసా అని అడిగి, తెలుసు అన్నందుకు ఆ పరీక్షలోనే మార్కులు వెయ్యడం. నాకు చదువు చెప్పినవాళ్ళలో ఇంత దయగల మాస్టారు ఒక్కరూ తగల్లేదు.

2016లో 73 నగరాలతో మొదలైన ఈ పోటీ 2018 నాటికి నాలుగు వేల పైచిలుకు పట్టణాలకి పాకింది. స్వచ్ఛతా యాప్ అని ఒకటి పెట్టి, దాని వాడకాన్ని కూడా ర్యాంకు లెక్కలోకి తీసుకున్నారు. ఇంకేముంది, చాలా ఊళ్ళలో మునిసిపల్ సిబ్బందికి జనం చేత యాప్ డౌన్‌లోడ్ చేయించే డ్యూటీలు పడ్డాయి. వాళ్ళని తప్పుపట్టను. ఏ ఆటలోనైనా దేనికి పాయింట్లుంటే దానికోసమే ఆడతారు. గోలు కొట్టినందుకు కాకుండా బూటు లేసు కట్టుకున్నందుకు పాయింట్లిస్తే, మైదానం నిండా వంగి లేసులు కట్టుకునేవాళ్ళే కనిపిస్తారు.

ఆటలంటే నాకు చులకన లేదు. "వీడియో గేములు పిల్లల్ని పాడుచేస్తున్నాయి" అని వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసే బాబాయిల జట్టు కాదు నాది. ఒక పుస్తకం నాకు చెప్పలేని విషయాన్ని ఒక ఆట చెప్పిన సందర్భాలు ఉన్నాయి. సిమ్‌సిటీ ఆడిన ఏ పిల్లాడికైనా తెలుసు, పైపులూ కరెంటూ లేకుండా మేడలు కడితే ఏమవుతుందో. మన హెచ్‌ఎండీఏ లేఅవుట్లు చూస్తే ఆ ఆట కొందరు ఆడలేదని కూడా తెలుస్తుంది. కాబట్టి ఆటల మీద కాదు నా గొడవ. పర్యావరణం పేరుతో మన ఫోన్లలోకి దిగుతున్న ఈ పాయింట్ల యవ్వారం మీద. ఇవి మనల్ని ఆడిస్తాయి గానీ, రూల్స్ ఎవరు రాశారో చూడనివ్వవు. పౌరుడు అనే మాటకి నాకు తెలిసిన అర్థం రూల్స్ మీద నోరెత్తగలిగినవాడు అని. ఆ నోట్లో బ్యాడ్జి కుక్కి, దాన్ని పౌర భాగస్వామ్యం అంటున్నారు.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక కంపెనీలో, పేరెందుకులెండి, పర్యావరణ దినోత్సవానికని జూన్ నెలంతా ఒక పోటీ పెట్టారు. సొంత కప్పు తెచ్చుకుని ఫొటో పెడితే 10 పాయింట్లు. లిఫ్ట్ ఎక్కకుండా మెట్లెక్కితే 5. డెస్కు మీద మొక్కతో సెల్ఫీకి 20. నేను మా ఫ్లోర్‌లో మూడో స్థానంలో వచ్చాను. బహుమతి వెదురు టూత్‌బ్రష్. అది ప్లాస్టిక్ కవర్లో, ఆ కవరు అట్టపెట్టెలో, ఆ పెట్టె బబుల్ ర్యాప్‌లో వచ్చింది. అది నవ్వుకునే విషయమే, పోనీయండి. అదే నెలలో మా టీములో ఒకమ్మాయి, ఆదివారాలు మనిషి లేని ఫ్లోర్లలో ఏసీ ఎందుకు నడుస్తోందని గ్రూపులో అడిగింది. ఆ ప్రశ్నకి యాప్‌లో పాయింట్లు లేవు. గ్రూపులో జవాబూ లేదు. నెలాఖరుకి మా ఫ్లోర్ పట్టికలో ఆ అమ్మాయిది ఆఖరి పేరు.

ఇంగ్లీషులో దీన్ని గేమిఫికేషన్ అంటారు. ఈ ఐడియా సిలికాన్ వ్యాలీలో పుట్టిందని కాన్ఫరెన్సుల్లో చెప్తుంటే నాకు నవ్వొస్తుంది. జాగారం రాత్రుళ్ళు మన అమ్మమ్మలు ఆడిన వైకుంఠపాళి ఏంటి మరి? పుణ్యానికి నిచ్చెన, పాపానికి పాము. దానం చేస్తే పైకి, అహంకారం వస్తే కిందికి. పై వరసల దాకా ఎక్కాక పెద్దపాము నోట్లో పడితే మళ్ళీ అడుగుకి. నీతిని గళ్ళలో పెట్టి ఆడించడం మనకి కొత్త కాదు.

కానీ ఆ పటాన్ని కాస్త పరీక్షగా చూడండి. అందులో ఎవరూ ఏమీ ఎంచుకోరు. నేను దానం చేద్దామనుకుని నిచ్చెన ఎక్కను. గవ్వలు నాలుగు పడితే ఎక్కుతాను. ఎక్కాక, నేనేదో మంచిపని చేశానని పటం నాకు చెప్తుంది. నా పక్కన కూర్చున్నవాళ్ళు ఎక్కడున్నారన్న దాంతో నాకు పని లేదు. నా పావు నాది, నా మోక్షం నాది. పామునెవరు అక్కడ గీశారని అడిగే గడి ఆ పటం మీద లేదు. మోక్షానికి సంబంధించిన ఆట కాబట్టి అది చెల్లుతుంది. మోక్షం ఎవరికి వాళ్ళు తెచ్చుకునేదే. తాగునీళ్ళూ, గాలీ అలాంటివి కావు కదా.

మన ఆకుపచ్చ యాప్‌లన్నీ ఈ వైకుంఠపాళి దగ్గరే ఆగిపోయాయి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మిషన్ లైఫ్ మొదలుపెట్టింది. మనిషి తన రోజువారీ బతుకులో చెయ్యాల్సిన 75 పనుల జాబితా ఇచ్చింది. ఎర్రలైటు దగ్గర బండి ఇంజన్ ఆపడం అందులో ఒకటి. 2023 మేలో దానికో యాప్ వచ్చింది, మేరీ లైఫ్ అని. ఆటలా ఆడుతూ అలవాట్లు మార్చుకోవచ్చని దాని గురించి ప్రభుత్వమే చెప్పుకుంది. సరే, ఆపుదాం ఇంజన్. నేను ఆపుతాను కూడా. ఆ వేసవి దాటీ దాటకముందే, ఆగస్టు మొదట్లో, పార్లమెంటు అటవీ సంరక్షణ చట్టానికి సవరణ చేసింది. అంతర్జాతీయ సరిహద్దుకి 100 కిలోమీటర్ల లోపు వ్యూహాత్మక ప్రాజెక్టులకి అటవీ అనుమతి అక్కర్లేదన్నది అందులో ఒక అంశం. ఆ బిల్లుని పరిశీలించమని వేసిన సంయుక్త కమిటీ ఒక్క మార్పూ లేకుండా వెనక్కి పంపింది. 75 పనుల్లో వెతికితే బల్బు ఆర్పడం ఉంది, సంచీ పట్టుకెళ్ళడం ఉంది. ఈ బిల్లు చదువు, మీ ఎంపీకి ఉత్తరం రాయి అనే 76వ పని లేదు.

ఈ తెలివి మన ప్రభుత్వానికి సొంతంగా తట్టింది కాదు. 2000ల మధ్యలో బ్రిటిష్ పెట్రోలియం, చమురు తవ్వి అమ్మే కంపెనీ, ఓగిల్వీ అండ్ మాథర్ అనే యాడ్ ఏజెన్సీ సాయంతో "కార్బన్ ఫుట్‌ప్రింట్" అనే మాటని ఇంటింటికీ చేర్చింది. వెబ్‌సైట్లో ఒక క్యాలిక్యులేటర్ పెట్టింది. ఎంత తిరుగుతావు, ఏం తింటావు, ఇంట్లో ఏం వాడతావు అని జనమే తమ తప్పుల లెక్క తీసుకున్నారు. లెక్క అడిగేది ఎవరు? బావిలోంచి నూనె తోడేవాడు. దొంగ మన ఇంటికే వచ్చి, తలుపు సరిగ్గా వేసుకున్నారా లేదా అని ఫారం నింపించుకున్నట్టు.

మన దగ్గరికి వద్దాం. గ్రీన్ ఇండియా చాలెంజ్ గుర్తుంది కదా. 2018లో అప్పటి రాజ్యసభ సభ్యుడు సంతోష్ కుమార్ మొదలుపెట్టారు. మూడు మొక్కలు నాటు, ఫొటో పెట్టు, ఇంకో ముగ్గురిని నామినేట్ చెయ్యి. మన హీరోలందరూ నాటారు. ప్రభాస్ ఇంకో అడుగు ముందుకేసి 2020లో ఖాజీపల్లి దగ్గర 1650 ఎకరాల రిజర్వు ఫారెస్టుని దత్తత తీసుకున్నాడు. నాటడం తప్పని నేను అనట్లేదు. వ్యంగ్యం కోసం మొక్కల మీద పడేంత దివాళా నాకింకా తియ్యలేదు. కానీ ఆట కట్టిన తీరు చూడండి. పాయింటు నాటినప్పుడే పడిపోతుంది. పార, తెల్ల చొక్కా, నవ్వు, క్లిక్. అక్కడితో నీ టర్న్ అయిపోయింది, నెక్స్ట్ ఎవరు? నాటిన మొక్క మూడో ఎండాకాలంలో ఎలా ఉందో ఆ హ్యాష్‌ట్యాగ్ కింద ఒక్క ఫొటో నా కంటపడలేదు. దానికి నామినేషన్ ఉండదు మరి. దీనికి రెండేళ్ళ ముందు, 2016లో, అదే నగరంలో కేబీఆర్ పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం వేల చెట్లు కొడతారంటే జనం రోడ్డు మీద చేతులు పట్టుకుని నిలబడ్డారు. నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయారు. ఆ జనాన్ని ఎవరూ నామినేట్ చెయ్యలేదు.

ఆ ఖాజీపల్లి ఉన్న వైపునే ఇంకో కథ ఉంది. పటాన్‌చెరు, బొల్లారం, ఖాజీపల్లి, జీడిమెట్ల. మందుల కంపెనీల బెల్టు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళని పరీక్షించారు. సుమారు 90 మందుల తయారీ యూనిట్ల వ్యర్థం వచ్చి చేరే చోటు అది. బయటికి పోయే నీళ్ళల్లో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ఇది శుద్ధి అయ్యాక సంగతి. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. ప్రపంచవ్యాప్తంగా యాంటీబయాటిక్ రెసిస్టెన్స్ గురించి మాట్లాడేవాళ్ళు ఇప్పటికీ ఆ అంకె చెప్పుకుంటారు. ఇప్పుడు చెప్పండి, నేను మెట్లెక్కి సంపాదించిన ఆ 5 పాయింట్లని ఈ పటంలో ఏ గడిలో పెట్టాలి? ఆ పైపు ఏ వైకుంఠపాళిలోనూ పాముగా గీసి లేదు.

నా ఫ్రెండ్స్ కొందరు దీనికి ఒక జవాబు చెప్తారు. "చిన్న పనితో మొదలైతేనే కదా పెద్ద పనికి వస్తారు. కప్పు తెచ్చుకున్నవాళ్ళు రేపు పైపు గురించి అడుగుతారు." వినడానికి బావుంది. చైనాలో అలీపే వాళ్ళ యాంట్ ఫారెస్ట్‌ని కూడా ఉదాహరణగా చూపిస్తారు. 2016లో వచ్చిన ఆట అది. నడిస్తే, బస్సెక్కితే, బిల్లు ఆన్‌లైన్లో కడితే పాయింట్లు, పాయింట్లు పోగైతే తెరమీద చెట్టు, ఆ చెట్టుకి బదులు ఎడారి అంచున నిజం చెట్టు. 2019లో ఐక్యరాజ్యసమితి అవార్డిచ్చే నాటికి 50 కోట్ల మంది ఆడారు, 12 కోట్ల పైచిలుకు చెట్లు నాటారు. ఇది గొప్ప సంగతే, కాదనను. మన నామినేషన్ల కంటే వెయ్యి రెట్లు నయం. కానీ అదే ఆటలో, నేను కట్టిన కరెంటు బిల్లు ఏ బొగ్గు ప్లాంటుకి పోతోందని అడగడానికి బటన్ ఎక్కడుంది? 50 కోట్ల మంది ఒకే చోట ఉండి, ఒకరితో ఒకరు కలిసి ఒక్క డిమాండ్ కూడా పెట్టలేని చోటు అది. పైగా అలీపేలో కట్టినకొద్దీ పాయింట్లు. చెట్టు పేరుతో పెరిగేది ఎవరి వ్యాపారమో వేరే చెప్పాలా? మొదటి మెట్టు అంటారే, దానికి రెండో మెట్టు కట్టి ఉంటే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

జనం యాప్ బయటికొచ్చి, అదే ఫోనుతో రెండో మెట్టు ఎక్కితే ఏమవుతుందో మన దేశంలో చాలాసార్లు చూశాం. 2020లో ఈఐఏ నోటిఫికేషన్ ముసాయిదా వచ్చింది. ఫ్యాక్టరీలకీ గనులకీ పర్యావరణ అనుమతులు ఎలా ఇవ్వాలో చెప్పే రూల్స్ అవి. ఆటలో అసలు రూల్ బుక్కు అన్నమాట. అది ఇంగ్లీషులోనూ హిందీలోనూ వచ్చింది. తెలుగులో లేదు. పటాన్‌చెరు వాళ్ళు అభిప్రాయం చెప్పాలంటే ముందు ఇంగ్లీషో హిందీయో నేర్చుకోవాలి. చివరికి ఢిల్లీ హైకోర్టు ఆ జూన్ 30న, ఎనిమిదో షెడ్యూలు భాషలన్నిటిలోకీ దాన్ని అనువదించమని చెప్పాల్సి వచ్చింది. అనువాదం గురించి మనం ఈ పత్రికల్లో ఎన్ని చర్చలు చేసుకుంటాం! ఏ నవల అనువాదం మీదా నాకు అంత కోపం రాలేదు. అప్పుడే ఫ్రైడేస్ ఫర్ ఫ్యూచర్ పిల్లలు ఒక వెబ్‌సైటు పెట్టి, జనం చేత పర్యావరణ మంత్రికి మెయిళ్ళు పంపించారు. వేలకొద్దీ మెయిళ్ళు. డిజిటల్ పౌర భాగస్వామ్యం అంటే పాఠ్యపుస్తకంలో పెట్టదగ్గ ఉదాహరణ. ఏమైంది? వెబ్‌సైటు ఆగిపోయింది. ఢిల్లీ పోలీసుల నోటీసులో ఉపా చట్టం పేరుంది. తర్వాత పొరపాటున రాశామని వెనక్కి తీసుకున్నారు. మరుసటి ఫిబ్రవరిలో పర్యావరణ కార్యకర్త దిశా రవిని బెంగళూరులో అరెస్టు చేశారు, రైతు ఉద్యమానికి సంబంధించిన ఒక గూగుల్ డాక్‌ని ఎడిట్ చేసిందని. పది రోజులకి బెయిలొచ్చింది.

ప్రతిజ్ఞ చేస్తే సర్టిఫికెట్టు. ప్రశ్న పంపితే నోటీసు. రెండూ వచ్చేది అదే ఫోనుకి.

కంచ గచ్చిబౌలి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 2025 మార్చి 30, ఉగాది. పచ్చడి తింటున్న పూట 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు హాస్టళ్ళ మీద నుంచి, చెట్ల మధ్య నుంచి ఫోన్లతో తీశారు. రాత్రి ఫ్లడ్‌లైట్లూ, ఇంజన్ల రొదా, ఆ రొద మధ్యలో నెమళ్ళ అరుపులు. ఆ వీడియోకి ఎవడూ పాయింట్లివ్వలేదు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కలగజేసుకుని పనులు ఆపించింది. ఆ నెలలోనే 100 ఎకరాలు మళ్ళీ ఎలా పెంచుతారో ప్లాన్ తెమ్మని రాష్ట్ర ప్రభుత్వాన్ని అడిగింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆ వారం రోజుల్లో మన టైమ్‌లైన్ల మీద తిరిగినవన్నీ నిజం బొమ్మలు కావు. బుల్డోజర్ల ముందు కన్నీళ్ళు పెట్టుకుంటున్న జింకలు ఏఐ జింకలు. ఆ బొమ్మలు చేసినవాళ్ళ మీద నాకు చిరాకే. నిజం వీడియో చేతిలో ఉండగా అబద్ధపు జింక దేనికి? లైకుల కోసం. అంటే ఇక్కడా పాయింట్ల జబ్బే. ప్రభుత్వం ఆ జింకల్ని పట్టుకుని, మొత్తం గొడవంతా ఏఐ సృష్టే అన్నట్టు మాట్లాడింది. ఘిబ్లీ స్టైల్ బొమ్మ ఒకటి రీపోస్ట్ చేసినందుకు ఒక ఐఏఎస్ అధికారిణికి పోలీసు నోటీసు వెళ్ళింది. బొమ్మలు అబద్ధమే అనుకుందాం. కొట్టేసిన చెట్లు ఏ సాఫ్ట్‌వేర్లో కొట్టారు?

అయితే ఆటలు పనికిరావా అంటే, పనికొస్తాయి. స్కోరు దేనికి పడుతోందన్నదే ప్రశ్న. చేవెళ్ళ మర్రిచెట్ల సంగతి చూడండి. హైదరాబాద్ నుంచి బీజాపూర్ పోయే 163వ జాతీయ రహదారి వెడల్పు పనిలో దారి పొడుగునా సుమారు 900 మర్రిచెట్లు పోయే పరిస్థితి. కొంతమంది ఏం చేశారంటే, వారాంతాల్లో పోయి ఒక్కో చెట్టునీ లెక్కపెట్టి, ఫోనుతో జియోట్యాగ్ చేశారు. ఏ చెట్టు ఎక్కడుందో మ్యాపు తయారైంది. అప్పటిదాకా ప్రాజెక్టు కాగితాల్లో "చెట్లు" అని గుంపుగా ఉన్నవి, ఒక్కొక్కటిగా చిరునామా ఉన్న మర్రిచెట్లయ్యాయి. కేసు గ్రీన్ ట్రిబ్యునల్‌కి వెళ్ళినప్పుడు ఆ లెక్క పనికొచ్చే లెక్క. ఇది ఆట లాంటిదే. వెతకడం ఉంది, పట్టుకోవడం ఉంది, మ్యాపు నిండుతుంటే వచ్చే సరదా ఉంది. పోకేమాన్ గో ఆడినవాళ్ళకి తెలుస్తుంది ఆ సరదా ఏంటో. కాకపోతే ఇక్కడ స్కోరు మర్రిచెట్టుది, మనది కాదు.

2012 నుంచి యూఎన్-హాబిటాట్ వాళ్ళు మైన్‌క్రాఫ్ట్ కంపెనీతో కలిసి బ్లాక్ బై బ్లాక్ అని ఒకటి నడుపుతున్నారు. నైరోబీలోని కిబెరా బస్తీలోనూ, హనోయ్ శివార్లలోనూ పిల్లలూ ఆడవాళ్ళూ కూర్చుని తమ వీధిని మైన్‌క్రాఫ్ట్‌లో కట్టుకున్నారు. ఇక్కడ దీపం కావాలి, ఇక్కడ గోడ వద్దు, ఇక్కడ రాత్రిపూట నడవాలంటే భయమేస్తుంది అని బొమ్మకట్టి అధికారుల ముందు పెట్టారు. మ్యాపు గీసే పెన్ను మొదటిసారి వాళ్ళ చేతికొచ్చింది. హనోయ్ అమ్మాయిలకి ఎవరూ "చీకట్లో జాగ్రత్తగా నడిచినందుకు 10 పాయింట్లు" ఇవ్వలేదు, గమనించండి.

ఇంకా వెనక్కి వెళ్తే ఎలిజబెత్ మాగీ అనే అమెరికన్ ఆవిడ. మనం ఎండాకాలం సెలవుల్లో "బిజినెస్" ఆడి, బొంబాయి కొనుక్కుని, చెల్లెల్ని దివాళా తీయించి ఏడిపించాం కదా, ఆ ఆటకి అసలు తల్లి. 1904లో ల్యాండ్‌లార్డ్స్ గేమ్ అని పేటెంటు తీసుకుంది. భూమిని కొందరే గుప్పిట్లో పెట్టుకుంటే మిగతావాళ్ళ గతి ఏమవుతుందో చూపించడం ఆవిడ ఉద్దేశం. ఒకే బోర్డుకి రెండు రకాల రూల్స్ రాసింది. ఒకదానిలో ఒకడు మొత్తం మింగేదాకా ఆట ఆగదు. రెండోదానిలో భూమి అద్దె అందరి ఖజానాలోకి పోతుంది, పైసా పుట్టిన కొద్దీ అందరికీ అందుతుంది. రెండూ ఆడి చూడండి, తేడా మీకే తెలుస్తుంది అంది. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ 500 డాలర్లకి ఆవిడ పేటెంటు కొని, మోనోపలీ పేరుతో ఒక రూల్ బుక్కునే లోకానికి అమ్మింది. ఏ బుక్కో మీకు తెలుసు. రెండోది మన సెలవుల దాకా రానేలేదు.

నాకు కావలసింది ఆ రెండో రూల్ బుక్కు. ఈ పత్రిక చదివేవాళ్ళలో కోడ్ రాసి బతికేవాళ్ళు చాలామందే ఉంటారు. కథలు రాస్తారు, కవిత్వం రాస్తారు, పగలు ఎవరికో యాప్‌లు రాస్తారు. మన ఊళ్ళ గురించి ఒక్క మంచి ఆట రాయరే అని నా కోపం. ముడిసరుకు లేదా? హైదరాబాద్ కింద కాకతీయుల కాలం నాటి నుంచీ వచ్చిన పద్ధతే ఒక ఆట. గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువులోకి, అక్కణ్ణుంచి దాని కిందికి. తూము ఎప్పుడు ఎత్తాలో చూసే నీరటి ఒకాయన. ఇప్పుడు ఆ అలుగు బాటలో అపార్ట్‌మెంటు, శిఖం భూమిలో వెంచరు. పాతికెకరాలు దాటిన చెరువు చుట్టూ 30 మీటర్లు వదలాలన్న రూలు కాగితం మీద. 2020 అక్టోబరు వానలకి బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మునిగినప్పుడు, కింద ఉన్నవాళ్ళలో ఎంతమందికి తమ నెత్తిన ఒక చెరువు ఉందని తెలుసు? ఏ యాప్ చెప్పింది వాళ్ళకి?

చేతకాక కాదు గానీ కోడ్ నా పని కాదు. అందుకని డ్రాయింగ్ షీటు మీద గీశాను. నలుగురు ఆటగాళ్ళు, ఒకదాని కింద ఒకటిగా నాలుగు చెరువులు. ఎవరి శిఖంలో వాళ్ళు ప్లాట్లు వేసుకోవచ్చు, డబ్బు వెంటనే చేతికొస్తుంది. వేసిన ప్రతి ప్లాటుకీ చెరువు పట్టే నీళ్ళు ఒక గిన్నె తగ్గుతాయి. వాన కార్డు పడితే మిగులు నీళ్ళు కింది ఆటగాడి ఇంట్లోకి. కోర్టు కార్డు ఉంది, కానీ అది ఆడాక తీర్పు రావడానికి మూడు రౌండ్లు పడుతుంది. ఇద్దరు ఒప్పుకుంటే ఏ రూల్ మీదైనా ఓటింగు పెట్టొచ్చు. ఇదొక్కటే నేను గట్టిగా పట్టుబట్టి పెట్టిన రూలు.

మా అపార్ట్‌మెంటులో నలుగురు పిల్లల చేత ఆడించాను. మొదటి ఆటలో పై చెరువు వాడు గెలిచాడు. రెండో ఆటలోనూ వాడే. మూడో ఆట మొదలయ్యే ముందు అట్టడుగు చెరువు దగ్గర కూర్చున్న తొమ్మిదేళ్ళ పిల్ల, పై చెరువులో ఇప్పటికి ఎన్ని ప్లాట్లు పడ్డాయో తను ముందే చూడొచ్చా అని అడిగింది. రూల్స్‌లో లేదన్నాను. "మరి ఓటింగు పెట్టొచ్చన్నారు కదా అంకుల్" అంది. పై చెరువు వాడు తప్ప ముగ్గురూ చెయ్యెత్తారు. పెన్సిల్ తెచ్చి షీటు వెనకాల రాసుకున్నాం.